రాతిస్తంభం వెనకవైపు

డిగ్రీ పిల్లలకు కళల చరిత్ర, కట్టడాల చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. మదనపల్లెలో మొదలుపెట్టి, పుంగనూరులో కొన్నేళ్ళు చేసి, కుప్పంలో ముగించాను. బంధువుల్లో ఎవరైనా ఏం చెప్తావమ్మా అని అడిగితే వివరంగా చెప్పేదాన్ని. అంతా విని "అంటే డ్రాయింగు టీచరా?" అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత "ఔను, డ్రాయింగే" అనేసి కాఫీ కలపడానికి లేచిపోయేదాన్ని.

ఇప్పుడు మదనపల్లెలో ఇంటిపట్టున ఉన్నాను. ఈ పేపరు చెప్పడానికి కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు ఫోను చేసి "నోట్సు ఉంటే పంపండి మేడం" అంటారు. నోట్సు పంపను. అవి పంపితే మీరు చదువుతారు, పిల్లలు రాసుకుంటారు, గుడి గుడి దగ్గరే ఉండిపోతుంది. దాని బదులు ఇది రాస్తున్నాను.

ప్రమోషన్లు, తనిఖీలు, ఫైళ్ళ గొడవ ఇందులో రాయను. అవి మీకూ ఎలాగూ వస్తాయి. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒక అమ్మాయి గురించి. తను కళ్ళారా చూసింది రాస్తే నేను మార్కులు కోశాను. తప్పు నాదని తెలిశాక మార్కులైతే ఇచ్చాను కానీ, నువ్వు రాసిందే నిజం అన్న ఒక్క మాట ఆ పిల్లకు చెప్పలేదు. ఆ మాట అందక ఆమె ఏం పోగొట్టుకుందో నాకు రిటైరయ్యాక తెలిసింది.

మదనపల్లెలో

మా క్లాసుకు ఎవరు వచ్చేవాళ్ళో ముందు చెప్పాలి. కంప్యూటర్లలో సీటు రానివాళ్ళు, సర్వీసు కమిషను పరీక్షలకు చరిత్ర పనికొస్తుందని ఎవరో చెప్పినవాళ్ళు, ఇంటికి దగ్గరని ఆ కాలేజీలో వేసిన ఆడపిల్లలు. శిల్పం మీద ప్రేమతో వచ్చినవాళ్ళు నా ఉద్యోగం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. దానికి బాధపడకండి. ప్రేమ తర్వాత వస్తుంది, రాకపోయినా నష్టం లేదు. కళ్ళు తెరుచుకుంటే చాలు.

నేను మొదట్లో గదిలో కిటికీలు మూసి తెర మీద బొమ్మలు వేసి చెప్పేదాన్ని. ఎక్కడో ఉత్తరాన ఉన్న గుహలు, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న గుళ్ళు. నేను బాగా చెప్తున్నానని నాకు గట్టి నమ్మకం. పెద్దమండ్యం నుంచి బస్సులో వచ్చే ఒక విద్యార్థి ఆ గుహల మీద రెండు పేజీలు అక్షరం పొల్లు పోకుండా రాశాడు. ముచ్చటపడి పిలిచి అడిగాను, "ఆ గుహలో నువ్వు నిలబడితే పైకప్పు నీకు అందుతుందా?" అని.

అతను కాస్త ఆలోచించి, "ఎంతెత్తు అని రాస్తే మార్కులొస్తాయి మేడం?" అన్నాడు.

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి పోయేసరికి నవ్వు దిగిపోయింది. ఆ గుహ నేనూ చూడలేదు. నేను బట్టీ పట్టిందే వాళ్ళకు బట్టీ పట్టించాను, అంతే.

పుంగనూరులో నా పై అధికారి

పుంగనూరులో మా శాఖ పెద్దాయన ఒకరుండేవారు. పొట్టి మనిషి, కోపమెక్కువ. నేను చేరిన మొదటిరోజు తన క్లాసుకు నన్ను కూడా రమ్మన్నారు. పిల్లలందరినీ వరండాలోకి పిలిచి, గోడవైపు తిప్పి నిలబెట్టి అడిగారు, "మీ ఎనకల ఈ వరండాకు స్తంభాలు ఎన్నుండాయి?"

మూడేళ్ళుగా ఆ స్తంభాలకు ఆనుకుని కబుర్లు చెప్పుకున్న పిల్లలు. ఒకరు ఎనిమిది అన్నారు, ఇంకొకరు పది అన్నారు. ఆయన నా వైపు తిరిగారు. నేను నేల చూపులు చూశాను. "మేడంకు గూడా తెలీదు. రాసుకోండి అందరూ" అన్నారు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

కానీ ఆయన దగ్గర నేర్చుకున్నంత ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఏ కట్టడం దగ్గరికి పోయినా ముందు నోరు మూసుకుని చుట్టూ ఒకసారి తిరగాలి. తర్వాత కూర్చుని గీయాలి. గీతలు సరిగా రాకపోయినా ఫరవాలేదు, గీస్తే తప్ప కన్ను ఒకచోట నిలవదు. ఆ తర్వాతే అది ఏ కాలానిది, ఎవరు కట్టించారు అన్న మాటలు. "వయసు ఆఖర్న అడగాల. ఆడోళ్ళనే కాదు, గుళ్ళను గూడా" అనేవారు. ఆ జోకుకు నేను ఒక్కసారీ నవ్వలేదు కానీ మాట మాత్రం మంచిదే.

ఆయనలో లోపమూ చెప్పాలి. పెద్దపంజాణి నుంచి వచ్చే ఒక పిల్ల గీసిన బొమ్మను అందరి ముందూ చించేశారు. ఆ పిల్ల మళ్ళీ క్లాసుకు రాలేదు. రాయిని అంత ఓపిగ్గా చూసే మనిషికి ఎదురుగా ఉన్న మనిషిని చూసే ఓపిక లేకపోయింది. నేను ఆయనలా కాకూడదని అప్పుడే అనుకున్నాను. బొమ్మలైతే ఏనాడూ చించలేదు.

కుప్పంలో నా గొప్ప

కుప్పం వచ్చేసరికి నాకు కాస్త పేరొచ్చింది. పేరొచ్చాక చుట్టూ తిరిగి చూడటం తగ్గింది. మూడో ఏడు పిల్లలు ఒక్కొక్కరు తమకు దగ్గర్లోని ఒక కట్టడం మీద ప్రాజెక్టు రాయాలి. అది ఎలా రాయాలో చూపించడానికి ఒక ఏడు క్లాసు మొత్తాన్ని దగ్గర్లో ఒక పల్లెకు తీసుకుపోయాను. అక్కడ చిన్న గుడి, ముందర పదహారు స్తంభాల మండపం. విజయనగరం కాలం నాటిది, అందులో అనుమానం లేదు.

ఈశాన్యం మూల స్తంభం నన్ను పట్టేసింది. దాని కింది భాగంలో కూర్చున్న సింహం. మిగతా పదిహేను స్తంభాల మీదా సింహాలు ఉన్నాయి కానీ అరిగి, ముక్కూ మొగమూ లేకుండా ఉన్నాయి. దీని జూలు ఒక్కో పాయ విడివిడిగా తెలుస్తోంది. దీపం పొగకు, నూనె జిడ్డుకు నల్లగా నిగనిగలాడుతోంది. స్తంభానికీ గోడకూ మధ్య జానెడు సందు. ఫోను లైటు వేసి ఆ సందులోకి చూస్తే, వెనకవైపు పైనుంచి కిందికి నిలువుగా గాడులు. ఒక్కోటి సగం గొట్టంలా, ఒకదానికీ ఇంకోదానికీ సమాన దూరం.

"చూడండి, ఈ నిలువు గాడుల అలంకారం ఈ ప్రాంతంలో ఇంకెక్కడా కనపడదు. ఐదొందల ఏళ్ళ కిందటి పని" అని పిల్లలకు చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. ఊరివాళ్ళు ఒక పాతికమంది చుట్టూ చేరి శ్రద్ధగా విన్నారు. గుడి పెద్ద నారాయణప్ప మాకు మజ్జిగ ఇప్పించాడు. నెల తిరక్కుండా ఆ స్తంభం పక్కన బోర్డు వెలిసింది. "ఐదు వందల ఏండ్ల నాటి అరుదైన స్తంభం" అని, కింద నా పేరు, నా చదువు. బోర్డు ఫోటో ఎవరో పంపితే నేను మా వాళ్ళందరికీ పంపాను.

రేవతి ప్రాజెక్టు

ఆ క్లాసులో రేవతి అని ఒక అమ్మాయి ఉండేది. ఆ పల్లె పిల్లే. వాళ్ళ నాయన గోవిందప్ప గ్రానైటు క్వారీలో బండ కొట్టే పని చేసేవాడు. రేవతి ప్రాజెక్టుకు ఆ మండపాన్నే ఎంచుకుంది. పదహారు స్తంభాలనూ గీసింది, కొలతలు వేసింది. చివర్లో ఒక పేజీలో ఇలా రాసింది: ఈశాన్యం మూల స్తంభం పాతది కాదు. పిడుగు పడి పాతది చీలిపోతే, నేను పుట్టిన ఏడు మా నాయన దీన్ని కొట్టినాడు. వెనకవైపు గాడులు అలంకారం కాదు, బండను చీల్చడానికి మిషనుతో వేసిన బొక్కల గుర్తులు. గోడవైపు ఎవరికీ కనపడదని చెక్కకుండా వదిలేసినారు.

నేను ఎర్రసిరాతో "ఇంట్లోవాళ్ళ మాట ఆధారం కాదు. పరిశీలన లేదు" అని రాసి, యాభైకి పదహారు వేశాను. పాసు కావాలంటే ఇరవై రావాలి.

ఆ నాలుగు మార్కులు రేవతికి ఏమిటో నాకు తెలుసు. ఆ ఏడు పాసైతే పై చదువుకు పంపుతామని, తప్పితే బండలు పాలిషు పట్టే ఫ్యాక్టరీలో పనికి పెడతామని ఇంట్లో ముందే చెప్పారు. తెలిసే వేశాను. మార్కుల విషయంలో జాలి చూపకూడదన్నది నా సిద్ధాంతం.

ఆ అమ్మాయి స్టాఫు రూముకొచ్చింది. ఏడవలేదు.

"మేడం, ఒకసారి వచ్చి సూడండి. బండిలో పోయొస్తే గంట."

"నేను చూడలేదా రేవతీ? నేను చూపిస్తేనే కదా మీరంతా చూసింది?"

"సూసినారు మేడం. మళ్ళా సూడండి అంటాండాను."

ఆ మాట నాకు పొగరుగా తోచింది. "మీ నాయన్ని పిలుచుకుని రా" అన్నాను.

మర్నాడు గోవిందప్ప వచ్చాడు. చేతులకు ఇంకా రాతిపొడి ఉంది. చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికొచ్చాడు. నేను సూటిగా అడిగాను, "ఏమప్పా, ఆ మూల స్తంభం నువ్వు కొట్టిందేనా?"

ఆయన కూతురి మొగం చూడలేదు. "నాకేం తెలుసమ్మా. మీరు సదువుకున్నోళ్ళు. మీరు సెప్పిందే నిజం" అన్నాడు.

రేవతి నాయన వైపు తిరిగి చూసిన చూపు నాకు గుర్తుంది. బ్యాగు సర్దుకుని బయటికి పోయింది. నా ముందు జరిగింది నాకు అనుకూలంగా ఉంది కాబట్టి, ఆయన ఎందుకలా అన్నాడో అని నేను ఆలోచించలేదు. మార్కుల పట్టిక మీద సంతకం పెట్టి ఆఫీసుకు పంపేశాను.

లారీ మీద బండ

ఆ తర్వాత పది రోజులకు బస్సులో పోతున్నాను. కుప్పం దాటాక దారికి అడ్డంగా గ్రానైటు లారీ ఆగిపోయి ఉంది. బస్సు దాని పక్కనే ఆగింది. లారీ మీద ఇల్లంత బండ. దాని అంచు పొడుగునా నిలువుగా గాడులు. ఒక్కోటి సగం గొట్టంలా, ఒకదానికీ ఇంకోదానికీ సమాన దూరం.

కిటికీలోంచి లారీ డ్రైవరును అడిగాను, "ఈ గాడులేందప్పా?" అని.

"మిషన్తో వరసగా బొక్కలేసి చీలలు కొట్టింటారు గదమ్మా. సగం బొక్క ఈ బండకు, సగం ఆ బండకు వస్తాది" అన్నాడు. ఇంత మాత్రం తెలీదా అన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు.

పాతకాలంలోనూ రాయిని చీల్చేవాళ్ళు. కాకపోతే ఉలితో పలకగా బొక్కలు తీసి చీలలు దిగ్గొట్టేవాళ్ళు. గుండ్రటి బొక్క మిషనుదే. ఇది నేను చదివిందే, చదివి పరీక్ష రాసిందే. మండపం వెనక ఆ గాడులు చూసిన రోజు నా చదువు ఎక్కడికి పోయిందంటే, ఎవరికీ కనపడని అలంకారం నేను కనిపెట్టాను అన్న సంబరంలో కొట్టుకుపోయింది. మన వృత్తిలో అన్నిటికంటే ప్రమాదమైనది ఆ సంబరమే. అది పుట్టిననాడు ఇంటికి పోయి, వారమాగి, మళ్ళీ పోయి చూడండి.

మర్నాడు కాలేజీకి రాగానే నేరుగా ప్రిన్సిపాలు గదికి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మంచివాడే. "మార్కులు యూనివర్సిటీకి ఎళ్ళిపోయినాయి మేడం. మార్చాలంటే లెటరు పెట్టాల. మీరు తప్పుగా చూసినారని ఎందుకు రాసేది? కూడికలో తప్పు పడిందని రాయండి. ఆ పిల్లకూ పనైపోతాది, మీకూ మర్యాద" అన్నారు.

నేను రాశాను. కూడికలో తప్పు, పదహారు కాదు నలభై రెండు. సంతకం పెట్టేటప్పుడు మంచి పని చేస్తున్నట్టే అనిపించింది. రేవతికి ఆఫీసువాళ్ళు ఆ మాటే చెప్పారు. వరండాలో ఎదురుపడి "థాంక్స్ మేడం" అంది. "సరేలే, బాగా చదువుకో" అన్నాను.

ఆరేళ్ళ తర్వాత

రిటైరై మదనపల్లె వచ్చేశాక ఒక ఆదివారం పొద్దున రేవతి మా ఇంటికొచ్చింది. పై చదువు పూర్తిచేసి, పుంగనూరులో గెస్టు లెక్చరరుగా చేరిందట. మన పేపరే చెప్తోంది. నాకు గర్వమనిపించింది. టిఫిను పెట్టాను. తినడం అయ్యాక అడిగింది.

"మేడం, మీరు పిల్లోల్ల ప్రాజెక్టులు ఎట్ల దిద్దుతా ఉంటిరి?"

"చదివి దిద్దేదాన్ని. ఏమైంది?"

"నాకు చేతకావడంలా. ఏదన్నా సూసి ఇది తప్పు అనిపిస్తాది. రాసేముందర సెయ్యి ఆగిపోతాది. నీ కండ్లను నమ్మొద్దు రేవతీ అనుకుంటాను. ఆ మండపం విషయంలో నాకు అంత గట్టిగా తెల్సుననుకున్యాను గదా మేడం. మీరు కాదంటిరి. మా నాయన గూడా కాదనె. సిన్నప్పట్నించి ఎవురో సెప్పిన కత విని నేనే బ్రమ పడినానేమో అనుకుంటాను. కూడికలో తప్పు పడింది కాబట్టి గట్టెక్కినాను, లేకుంటే..."

ఆ పిల్ల ఆ మాటలు నిష్ఠూరంగా అనలేదు. నన్ను సలహా అడుగుతోంది. నాకు సిగ్గుతో తల ఎత్తుకోలేనంత పనైంది. కూడికలో తప్పు పడలేదని, తప్పు నా కంటిదని, లారీ సంగతీ లెటరు సంగతీ మొత్తం చెప్పేశాను.

రేవతి తన చేతులు చూసుకుంది. "ఆరేండ్లు మేడం" అంది.

"ఇప్పుడు రాసిస్తాను రేవతీ. నువ్వు రాసిందే నిజమని, నా సంతకంతో."

"నాకు రాసియ్యొద్దండి. ఆడికొచ్చి సెప్పండి. మా నాయన ముందర సెప్పండి."

మండపంలో

ఆ తర్వాతి ఆదివారమే పోయాము. గోవిందప్పకు ఇప్పుడు చూపు తగ్గింది, క్వారీకి పోవడం మానేశాడు. నారాయణప్పతో పాటు ఇంకో పదిమంది మండపంలో కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఆ మర్యాదకు నేను కూర్చోలేకపోయాను. రేవతి నా పక్కనే నిలబడి ఉంది. నిలబడే చెప్పాను.

"ఈ స్తంభం ఐదొందల ఏళ్ళది కాదు. నేను పొరబడ్డాను. రేవతి ఆ రోజే సరిగా చూసి సరిగా రాసింది. నేను దాన్ని కొట్టేసి మార్కులు కోశాను. తప్పు తెలిశాక కూడా దాచాను. ఆ బోర్డు తీసేయండి."

ఎవరూ ఉలిక్కిపడలేదు. నారాయణప్ప తలపాగా సర్దుకుని, "మాకు తెల్సు గదమ్మా" అన్నాడు. "రాయి దించేటప్పుడు నేను గూడా ఒక సెయ్యి ఏసినాను. మీరు అంత పేద్ద సదువు సదివి, ఎండలో అంత దూరం వచ్చి, అంత బాగా సెప్తాంటే, కాదు మేడం అని ఎట్ల అనేది?"

పాతికమంది మజ్జిగ ఇచ్చి మరీ నా మర్యాద కాపాడారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరి దగ్గరికి పోయినప్పుడు మీరు చెప్పేముందు వాళ్ళను అడగండి, చెప్పేశాక అడిగితే లాభం లేదు.

నేను గోవిందప్ప వైపు తిరిగాను. "వాళ్ళంటే మర్యాదకు ఊరుకున్నారు. నువ్వు కూతురు ఫెయిలవుతుంటే ఎందుకు చెప్పలేదప్పా?"

ఆయన స్తంభం వైపు మొగం తిప్పి చెప్పాడు.

"ఆ పొద్దు నేను ఆ గోడ పక్కన నిలబడుకోని ఉండానమ్మా. మీరు సింహం జూలు మింద సెయ్యి పెట్టి, ఇట్లాంటి పనోడు ఈ కాలంలో యాడుండాడు అంటిరి. ముప్పై ఏండ్లు బండ కొట్టినాను. బాగుండాదిరా అని ఒక్కరు అన్లేదు. ఇది నేను కొట్టిందే అంటే మీరు ఆ మాట ఎనక్కి తీసుకుంటారని బయమేసింది. ఒక్క మాటకు ఆశపడి బిడ్డను అబద్ధాలకోరును జేస్తిని."

అలా అన్నానని నాకు గుర్తే లేదు. క్లాసులో మనం ఎన్ని మాటలంటాం, ఏది ఎవరికి తగులుతుందో ఎవరు చూశారు?

"ఆ మాట వెనక్కి తీసుకోను గోవిందప్పా" అన్నాను. "యాడుండాడు అని అడిగాను కదా. ఈడే ఉన్నాడు."

రేవతి వాళ్ళ నాయన ఎదురుగా పోయి కింద కూర్చుంది. కండ్లనీళ్ళు తుడుచుకోలేదు.

"ఇప్పుడు సెప్పు నాయనా. ఈ స్తంభం ఎవురు కొట్టినారు?"

"నేనే పాపా" అన్నాడు. ఆయన మామూలుగా మెల్లగా మాట్లాడే మనిషి. ఆ మాట మాత్రం మండపమంతా వినపడింది.